తడవని పిల్ల
(పదకొండో వారం)

పోయినవారం కస్తూరిని పెరట్లో బట్టల తీగ దగ్గర, చేతిలో ఫోనుతో నిలబెట్టి వచ్చేశాం. ఆ ఫోన్లో ఆమె ఏం అన్నదో, ఎందుకన్నదో ఒక్కసారి నెమరు వేసుకుంటే చాలు. మిగతా కథ దానంతటదే నడుస్తుంది.

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో పానీ హలీనా అనే పెద్దావిడ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు కస్తూరి, ఆమె పెద్దమ్మ కూతురు క్లారా. పోలిష్ భాషలో పానీ అంటే ‘గారు’ అని అర్థం. హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితులు అది విని పడీపడీ నవ్వితే, అప్పటినుంచీ క్లారా చాటుమాటుగా ఆవిడను ‘నీళ్ళావిడ’ అంటుంది. పానీ హలీనా దేశం విడిచి నలభై ఏళ్ళు దాటింది కానీ అక్కడి పండగ ఒక్కటీ విడవలేదు. ఈస్టర్ మర్నాడు సోమవారం వాళ్ళకు నీళ్ళ పండగ. పొద్దున్నే కుర్రాళ్ళు మనసుపడిన పిల్ల మీద నీళ్ళు కుమ్మరిస్తారు. ఎంత తడిస్తే అంత గొప్ప. ఎవరూ తడపని పిల్ల ఆ రోజంతా తల దించుకుని తిరగాలి.

ఆ సంగతి వాళ్ళ తెలుగు చర్చి కుర్రాడు ఎలియాజర్‌కు చెప్పింది కస్తూరే. గుడ్‌ఫ్రైడే ఆరాధన నుంచి అతని కారులో తిరిగి వస్తూ, క్లారా వెనక సీట్లో కునికిపాట్లు పడుతుంటే, ముందు సీట్లో కూర్చుని ఒక్కో మాటా ఏరుకుని చెప్పింది. “అంటే నచ్చినవాళ్ళ మీదే పొయ్యాలా?” అన్నాడతను. “నచ్చినవాళ్ళ మీదే” అంది. సోమవారం పొద్దున్న వచ్చాడు. పానీ హలీనా వంటింట్లోంచి నీలం జగ్గు నింపుకుని, వరండాలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో క్లారా నెత్తిన పోశాడు. కస్తూరి మీద చుక్క పడలేదు.

మధ్యాహ్నం రాజమండ్రి నుంచి పెద్దమ్మ కోటమ్మ ఫోన్ చేసి, అక్కేం చేస్తోందే అని అడిగింది.

“అక్క నీళ్ళోసుకుంది పెద్దమ్మా” అంది కస్తూరి.

కోనసీమలో పుట్టిన ఏ ఆడదీ కడుపుతో ఉన్నదాని గురించి తప్ప ఆ మాట వాడదు.

*

అవతల కోటమ్మ స్టీలు గిన్నె ఎక్కడో పెట్టిన చప్పుడు వినిపించింది.

“ఎప్పుడు తెలిసింది?”

“ఇయ్యాలే పెద్దమ్మా. పొద్దున్నే.”

“ఎవరే?”

“ఎలియాజర్.”

కోటమ్మే ఫోన్ పెట్టేసింది. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. అన్నీ నిజాలే. కస్తూరికి అబద్ధమాడడం చేతకాదని చిన్నప్పటి నుంచీ ఇంట్లో పేరు. ఆ పేరుకు మచ్చ రాకుండానే పని అయిపోయింది.

తిరిగి ఫోన్ చేసి, “అది కాదు పెద్దమ్మా, ఇక్కడ ఒక పండగుంది” అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం ఆమె దగ్గర ఉంది. కానీ ఎదురుగా తీగ మీద క్లారా పసుపుపచ్చ చుడీదారు వేలాడుతోంది. దాన్ని పిండి ఆరేసింది కూడా కస్తూరే. ఆరేసేటప్పుడు ఎక్కడెక్కడ తడిసిందో వేళ్ళతో తడిమి చూసింది. భుజాలు, వీపు, రెండు చేతులు, అంచు దాకా. అతను జగ్గులో చుక్క మిగల్చలేదు. చుడీదారు అంచు నుంచి నీళ్ళు కారి కస్తూరి పాదాల మీద పడ్డాయి. ఆ రోజు ఆమె వంతుకు వచ్చిన తడి అంతే.

కాదు, ఇంకొంచెం ఉంది. ఎలియాజర్ వెళ్ళిపోయాక పానీ హలీనా ఒక గ్లాసులో వేళ్ళు ముంచి, కస్తూరి జుట్టు మీద నాలుగు చుక్కలు చిలకరించింది. “మా ఊళ్ళో పొడిగా మిగిలిన పిల్లల మీద వాళ్ళ అమ్మలు ఇలా చల్లేవాళ్ళు, పక్కింటివాళ్ళు చూస్తారని” అంది, పెద్దావిడ మంచితనంతోనే. కస్తూరి “థాంక్యూ” చెప్పి బాత్‌రూములోకి వెళ్ళి, తువ్వాలుతో ఆ నాలుగు చుక్కలూ మాడు నొప్పి పుట్టేదాకా తుడుచుకుంది.

ఆమె తిరిగి ఫోన్ చెయ్యలేదు.

సాయంత్రం క్లారా మంచం మీద బోర్లా పడుకుని, “అమ్మ ఇవాళ నాకు ఫోనే చెయ్యలేదేంటే?” అంది.

“చుట్టాలొచ్చుంటారు. పండగ కదా” అంది కస్తూరి.

ఇది మాత్రం అబద్ధమే. ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకు తెలియదు.

*

మంగళవారం పొద్దున్న యూనివర్సిటీకి సెలవు కావడంతో ఇద్దరూ తొమ్మిదింటిదాకా వంటింట్లోనే ఉన్నారు. బల్ల మీద ఈస్టర్ వంటల్లో మిగిలినవి ఉన్నాయి. ఉల్లిపొట్టుతో ఉడకబెట్టి ఎర్రగా రంగెక్కించిన గుడ్లు, సగం కోసిన బాబ్కా కేకు, వెన్నతో చేసిన గొర్రెపిల్ల. గొర్రెపిల్ల తల నిన్ననే రొట్టె మీదకు వెళ్ళిపోయింది. పొయ్యి మీద పులిసిన రై ధాన్యపు పిండి చారు కాగుతోంది. దాని వాసనకు కస్తూరికి ఇంటి దగ్గరి తరవాణి కుండ గుర్తొస్తుంది. క్లారాకు మాత్రం వాంతొస్తుంది.

“నిన్న వాళ్ళ వంతు. ఇవాళ మీ వంతు” అంది పానీ హలీనా, గరిట తిప్పుతూ. “మంగళవారం ఆడపిల్లలు తిరిగి పొయ్యాలి. పొయ్యకపోతే వాడు నీకు నచ్చలేదని అర్థం.”

“అయితే వాడికి బకెట్టే” అంది క్లారా. “జగ్గు చాలదు. పదకొండింటికి వస్తానన్నాడు.”

లేచి లాండ్రీ గదిలోకి వెళ్ళి బకెట్టు పంపు కింద పెట్టి, ధార సన్నగా తిప్పి వచ్చింది. గెంతుతూ వెళ్ళింది, గెంతుతూ వచ్చింది. కస్తూరి గుడ్డు పొట్టు ఒలుస్తూ ఆ గెంతులు లెక్కపెట్టింది. అక్క ఏ పని చేసినా అందులో ఒక తేలిక ఉంటుంది. అది నేర్చుకుంటే వచ్చేది కాదు. పుట్టుకతోనే ఎవరో ముందు ఆమెకు పంచిపెట్టేసి, మిగిలింది ఉంటే తర్వాతివాళ్ళకి చూద్దాంలే అన్నట్టు ఉంటుంది.

అప్పుడే బెల్ మోగింది.

కౌసల్య ఆంటీ. భీమవరం ఆవిడ, రెండు వీధుల అవతల ఉంటుంది. కోటమ్మకు పెళ్ళికాక ముందటి స్నేహితురాలు. చేతిలో పెద్ద సంచి. అందులోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. గోంగూర పచ్చడి, చింతకాయ తొక్కు, ఉప్పులో ఊరేసిన మామిడి ముక్కలు. అన్నీ పులుపులే. పెట్టడమైపోయాక క్లారా గడ్డం పట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పి చూసింది.

“కళ్ళకింద నల్లగా అయిపోయిందే తల్లీ. ఎన్నో నెల?”

“ఏంటి ఆంటీ ఎన్నో నెల? ఏప్రిల్.”

“నాతో పరాచికాలాడకు. రాత్రి మీ అమ్మ గంటసేపు ఏడ్చింది ఫోన్లో. మీ నాన్న నీతో మాట్లాడొద్దని దానిచేత ఒట్టేయించుకున్నాడంట. నువ్వే వెళ్ళి చూసి చెప్పవే కౌసల్యా అంది. చూత్తన్నా.”

“ఆంటీ, ఏం చూస్తన్నారు?”

కౌసల్య ఆంటీ పానీ హలీనా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతుతోనే ఆ మాట ఇంగ్లీషులో అనేసింది. “ప్రెగ్నెంట్.”

తెలుగంతా గాలికి పోయినా ఆ ఒక్క మాట పానీ హలీనాకు అందింది. గరిట పొయ్యి గట్టు మీద పెట్టి, శిలువ గుర్తు వేసుకుని, చెమ్మగిల్లిన కళ్ళతో క్లారా దగ్గరకొచ్చి నుదురు ముద్దు పెట్టుకుంది. ఆ వెంటనే బాబ్కా ఇంకో పెద్ద ముక్క కోసి ఆమె పళ్ళెంలో వేసింది.

క్లారా నవ్వింది. ఒక్కతే నవ్వుతున్నట్టు గ్రహించి ఆపేసింది.

“ఎవరు చెప్పారు అమ్మకి?”

“ఎవరో చెబితే నమ్ముద్దా మీ అమ్మ? అబద్ధం చెప్పని పిల్లే చెప్పింది. నువ్వు నీళ్ళోసుకున్నావని.”

“పోసుకోడమేంటాంటీ, వాడే పోశాడు, నిన్న, ఇక్కడే…” అని వేలు వరండా వైపు చూపించి, చూపించిన వేలు అలాగే ఉంచి ఆగిపోయింది క్లారా. కౌసల్య ఆంటీ ముఖంలోకి చూసింది. పచ్చళ్ళ సీసాల వైపు చూసింది. ఆ తర్వాత మెల్లిగా, చాలా మెల్లిగా, తల కస్తూరి వైపు తిప్పింది.

కస్తూరి చేతిలో గుడ్డు పొట్టు లేకుండా నున్నగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

సంగతి విన్నాక అందరికంటే ముందు తేరుకుంది కౌసల్య ఆంటీయే. “ఓరి దేవుడో. నీళ్ళు పొయ్యడమంటే నిజంగా నీళ్ళేనా? ఈ తెల్లావిడ పండగా?” అని గుండెల మీద చెయ్యి వేసుకుని, కస్తూరి వీపు తట్టింది. “పోన్లే. పల్లెటూరి బళ్ళో చదివిన పిల్ల, నోట్లో నాలుక లేనిది. దానికి ఆ మాటకి అర్థం ఏం తెలుసు పాపం. తెలీక అనుంటది.”

తలుపు తెరిచి ఉంది. ఆంటీయే తెరిచి పట్టుకుంది. కస్తూరి దాటి వెళ్ళిపోవడమే తరువాయి. “అవునాంటీ, తెలీదు” అంటే చాలు. ఈ ఇంట్లోనే కాదు, రాజమండ్రిలో, వాళ్ళ ఊళ్ళో, ఎక్కడా ఎవరూ మారు అడగరు.

“కస్తూ, ఇలా రా” అంది క్లారా.

*

లాండ్రీ గదిలో ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాళ్ళకు చోటుండదు. క్లారా తలుపు వేసింది. పంపు సన్నగా పారుతూనే ఉంది. బకెట్టు ముప్పావు నిండింది.

“అమ్మతో ఎలా అన్నావో అలాగే అను.”

“అక్క నీళ్ళోసుకుంది పెద్దమ్మా.”

“అలాగే అన్నావా. ‘అక్క మీద నీళ్ళు పోశారు’ అనలేదా.”

“లేదు.”

“ఎవరని అమ్మ అడిగిందా?”

“అడిగింది. చెప్పాను.”

క్లారా గోడకు ఆనుకుంది. “నాన్న శనివారం ఫ్లైటుకి నన్ను రమ్మంటున్నాడంట. ఆంటీ నా చెవిలో చెప్పింది ఇప్పుడు. వచ్చే సోమవారం నుంచి నా ప్లేస్‌మెంటు. ఎనిమిది వారాలు హాస్పిటల్లో చేస్తేగానీ డిగ్రీ రాదు. నాన్న ఒకసారి దింపితే మళ్ళీ ఎక్కించడు. నీకు తెలుసు కదా.”

“తెలుసు.”

“నేను కాన్వెంటు హాస్టల్లో పెరిగాను. నర్సింగు చదువుతున్నాను. అయినా ఈ మాట నాకు ఇవాళే తెలిసింది. నీకు తెలీదని ఆంటీ అంటోంది.” చెల్లెలి కళ్ళలోకి చూసింది. “పిన్ని ఆశా వర్కరు కదే. సెలవులకి మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను నేను. సాయంత్రాలు పిన్ని కాళ్ళు చాపుకుని కూర్చుని చెప్తుంటే రిజిస్టరు నువ్వు రాసేదానివి. నీ రాత బాగుంటుందని.”

నిజమే. ఆరో తరగతి నుంచీ ఆ రిజిస్టరు కస్తూరి చేతిరాతే. ఊరంతా తిరిగి వచ్చి, వేడినీళ్ళలో పాదాలు పెట్టుకుని అమ్మ చెప్పేది: చర్చి వెనకింటి వాళ్ళ కోడలు నీళ్ళోసుకుంది, రెండో కాన్పు, రాసుకో. చెరుకు తోటవాళ్ళ చిన్నమ్మాయి నీళ్ళోసుకుంది, రక్తం తక్కువ, రాసుకో. ఎవరికి చెప్పకూడదో కూడా అమ్మే చెప్పేది. ‘ఈ మాట ఎవరి గురించైనా ఒక్కసారి బయట పడితే వెనక్కి రాదమ్మా, జాగ్రత్త’ అనేది. ఆ ఊళ్ళో ఆ మాట బరువు తెలిసినవాళ్ళలో కస్తూరిని మించినవాళ్ళు లేరు.

“తెలుసక్కా” అంది.

“తెలిసే అన్నావా?”

“తెలిసే అన్నాను.”

బకెట్టు నిండి అంచు మీద నుంచి పొర్లడం మొదలైంది. ఇద్దరిలో ఎవరూ పంపు కట్టలేదు.

“ఎందుకే?”

కస్తూరి దగ్గర రాత్రంతా ఆలోచించిన జవాబులు చాలా ఉన్నాయి. వచ్చింది మాత్రం ఒక్కటే. “ఆ పండగ సంగతి అతనికి చెప్పింది నేనక్కా.”

క్లారాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అయ్యాక ఆమె ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. ఆ ఇంకేదో కస్తూరికి కోపంకన్నా కష్టంగా తోచింది.

“పిచ్చిదానా. నాతో ఒక్క మాట అనుంటే నేను వరండాలోకే వచ్చేదాన్ని కాదు కదే. నీకే వదిలేసేదాన్ని.”

“అదే” అంది కస్తూరి. “నువ్వు వదిలేస్తావు. నేను తీసుకోవాలి. ప్రతి క్రిస్మస్‌కీ మీ ఇంటి నుంచి అట్టపెట్టె వచ్చేది గుర్తుందా? నీకు పొట్టయిన గౌన్లు. అమ్మ వాటి అంచులు విప్పి మళ్ళీ కుట్టేది. చర్చిలో అందరూ ఎంత బాగుందే అనేవాళ్ళు, ఆ వెంటనే, క్లారాది కదూ అనేవాళ్ళు. నేను ఆస్ట్రేలియా వచ్చానంటే అది నువ్వు ముందు వచ్చావు కాబట్టి. ఈ గది నువ్వు చూసిపెట్టావు కాబట్టి. అక్కా, ఆ కారులో ముందు సీటు ఒక్కటి, ఆ ఒక్క రోజు, నేను నా అంతట కూర్చున్నాను. నువ్వు నిద్రపోతున్నావు. నేను చెప్పాను, అతను విన్నాడు. విన్నది తీసుకెళ్ళి నీ నెత్తిన పోశాడు.”

ఇన్ని మాటలు ఒక్కసారి కస్తూరి నోట క్లారా ఎప్పుడూ వినలేదు. నీళ్ళు ఇద్దరి చెప్పుల కిందికి వచ్చాయి. క్లారా వంగి పంపు కట్టింది.

“పెట్టెలు పంపింది మా అమ్మ. నేను కాదు” అంది, వంచిన నడుం ఎత్తకుండానే. “నాకు ఆ గౌన్లలో సగం ఇవ్వాలని ఉండేది కాదు తెలుసా. ఏడ్చేదాన్ని.”

పదిహేనేళ్ళు ఆలస్యంగా విన్నా ఆ మాట కస్తూరికి ఎక్కడో హాయిగా తగిలింది. తగిలినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పక్కగేటు గొళ్ళెం చప్పుడైంది. “హలో? అందరూ ఎక్కడ?” అని వరండాలోంచి ఎలియాజర్ గొంతు.

*

నాలుగేళ్ళప్పుడు అమ్మానాన్నలతో మెల్‌బోర్న్ వచ్చాడు ఎలియాజర్. తెలుగు ఫెలోషిప్‌లో గిటార్ వాయిస్తాడు, పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతాడు. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు. ఈ ఇంటికి రావడం మొదలయ్యాకే పట్టుబట్టి తెలుగు మాట్లాడుతున్నాడు. ఎవరి కోసమని కస్తూరి ఎన్నిసార్లు లెక్కలు వేసిందో.

వంటింట్లో కుర్చీ అంచున కూర్చున్నాడు. తడవడానికి వచ్చినవాడిలా లేడు.

“క్లారా, మీ మమ్మీ నాకు కాల్ చేశారు. మార్నింగ్ నైన్‌కి. అక్కడ ఫోర్ థర్టీ అయ్యుంటది, ఐ డోంట్ నో వై. నంబర్ కౌసల్య ఆంటీ ఇచ్చారంట.”

కౌసల్య ఆంటీ పచ్చడి సీసా మూత బిగించడంలో మునిగిపోయింది.

“ఏమడిగింది?” అంది క్లారా.

“‘బాబూ, మా పిల్ల నీళ్ళోసుకుందంట, నిజమేనా’ అన్నారు. నేను, యెస్ ఆంటీ, నేనే పోశాను అన్నా.”

కౌసల్య ఆంటీ చేతిలో మూత తిరగడం ఆగిపోయింది.

“తర్వాత ఎక్కడ అన్నారు. బ్యాక్ వరండాలో ఆంటీ, అందరి ముందూ అన్నా. అప్పుడు బాగా ఏడ్చారు. ఐ థాట్ డ్రెస్ పాడైందని ఏడుస్తున్నారు. సో, సారీ ఆంటీ, పూర్తి బాధ్యత నాదే అని చెప్పా.” తలెత్తి అందరి ముఖాలూ చూశాడు. “అది తప్పు వర్డా? బాధ్యత?”

కౌసల్య ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కొంగు తీయకుండానే ఆ మాటకు అర్థమేమిటో ఇంగ్లీషులో చెప్పింది. చెవుల కొసల నుంచి మొదలై మెడ దాకా ఎర్రబడ్డాడు ఎలియాజర్.

“ఓ నో. నో, నో. అందుకా…” అని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “అందుకే అంకుల్‌కి ఫోన్ ఇచ్చారు. అంకుల్ ఒక్కటే అడిగారు. చేసుకుంటావా అని.”

“నువ్వేమన్నావ్?” అంది క్లారా.

అతను చేతులు తీశాడు. “చేసుకుంటా అన్నా.”

“ఎందుకన్నావ్? డ్రెస్ పాడైతే పెళ్ళి చేసుకుంటారా ఎవరన్నా?”

“వియర్డ్‌గానే అనిపించింది. బట్ అడిగారు కదా.” అతని చూపు క్లారా మీదే ఉంది, బెదురుగా, తప్పించకుండా. “కస్తూరి చెప్పింది కదా, నచ్చినవాళ్ళ మీదే పొయ్యాలని. నేను ఊరికే పొయ్యలేదు.”

తన పేరు అతని నోట వచ్చినందుకు కస్తూరి గుండె ఒక్కసారి ఎగిరి, వచ్చిన చోటు చూసి కూలబడింది.

కస్తూరి క్లారాను ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది. అక్క ఎడమచేతి గాజు పైకి జరుపుకుని మళ్ళీ కిందికి దింపింది. నర్సింగులో సీటు వచ్చిందని తెలిసిన రోజున అలాగే చేసింది. వద్దనుకున్న వస్తువు దగ్గర క్లారా ఎప్పుడూ అలా చెయ్యదు. వదిలేసేదాన్ని అని లాండ్రీ గదిలో చెప్పిన మాట గంట కూడా నిలవలేదు.

కస్తూరికి అప్పుడు తెలిసొచ్చింది తను చేసిన పని. అక్కను విమానం ఎక్కించి దూరంగా పంపేస్తుందనుకున్న మాట, తిన్నగా వెళ్ళి అతని చేతిలో అక్క చెయ్యి పెట్టింది. జగ్గుతో అతను సగం చెప్పింది, ఫోనుతో తను పూర్తి చేసింది.

బల్ల మీద ఫోన్ మోగింది. క్లారాది కాదు, కస్తూరిది. తెర మీద ‘పెద్దమ్మ’ అని వెలుగుతోంది.

“నీకే ఎందుకు చేస్తోంది?” అంది కౌసల్య ఆంటీ.

“నా మాటే నమ్ముద్ది కాబట్టి” అంది కస్తూరి. తడి చేతితో నొక్కడంలో స్పీకరు ఆన్ అయింది.

“కస్తూరీ.” కోటమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. “పెద్దనాన్న పాస్టరుగారి దగ్గరికి బయల్దేరుతున్నారమ్మా. ఆ పిల్లోడు మంచోడే, ఒప్పుకున్నాడు. ఫ్లైటు వద్దులే, దాని చదువు అది చదువుకుంటుంది, ఈ నెలలోనే అక్కడే ప్రార్థన పెట్టించి చేసేద్దాం అంటున్నారు. నువ్వు నాకు ఒక్కటి చెప్పు. నువ్వయితే దాచవు. ఇద్దరికీ ఇష్టమేనా?”

క్లారా బల్ల మీద వంగి, ఫోనుకు వినపడనంత మెల్లిగా అంది. “కస్తూ, ఇప్పుడేం చెప్పకు. నేను తర్వాత చెప్పుకుంటాను అమ్మకి.”

అబద్ధాన్ని అలాగే ఉంచమంటోంది. కావాలి కాబట్టి ఉంచమంటోంది. నిన్న ఆ మాట అన్నప్పుడు కస్తూరి గొంతులో ఏ చేదు ఉందో, అదే ఇప్పుడు మళ్ళీ పైకి వచ్చింది. ఇప్పుడు నిజం చెప్పేస్తే పాస్టరుగారి దాకా వెళ్ళక్కర్లేదు, ప్రార్థన అక్కర్లేదు, పెళ్ళి అక్కర్లేదు. నిజం చెప్పడం మంచిదని అందరూ ఒప్పుకుంటారు. ఎందుకు చెప్పిందో ఎవరూ అడగరు.

“పెద్దమ్మా” అంది. “అక్క కాదు పెద్దమ్మా.”

“ఏంటి అక్క కాదు?”

“అక్క నీళ్ళోసుకోలేదు. నేనే…” చెప్పాల్సిన మిగతా మాటలు, కావాలని అన్నాను, కుళ్ళుతో అన్నాను, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి అడ్డం తిరిగాయి. “నేనే పెద్దమ్మా. తప్పంతా నాదే. అక్కకేం తెలీదు. నన్ను క్షమించు.”

కౌసల్య ఆంటీ మూత వదిలేసింది. అది బల్ల మీద గుండ్రంగా తిరిగి తిరిగి పడింది.

“నువ్వా?” అంది కోటమ్మ. “ఆ కడుపు… నీకా?”

కస్తూరి కాదనడానికి నోరు తెరిచే లోపే, కోటమ్మ ఫోను పక్కకు తీసి ఇంట్లోకి కేకేసింది. “ఏవండీ, చెప్పులు విప్పండి. మన పిల్ల కాదు. కస్తూరి. నా చెల్లెలికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను. వాడు అక్కకి మాటిచ్చి చెల్లెల్ని…”

లైను తెగిపోయింది.

వంటింట్లో నలుగురూ ఆమెనే చూస్తున్నారు. ఆ రెండు రోజుల్లో మొదటిసారిగా ఎలియాజర్ కళ్ళు తిన్నగా కస్తూరి ముఖం మీద నిలిచాయి. ఆ చూపు ఎలా ఉంటుందో ఎన్నో రాత్రులు ఊహించుకున్న కస్తూరి దాన్ని ఎదుర్కోలేక, మళ్ళీ మోగడం మొదలుపెట్టిన ఫోను వైపు చూసింది. తెర మీద ఈసారి ‘అమ్మ’ అని ఉంది.